తిరువొత్తియూరు వంతు

మార్చి 16, ఆదివారం. సాయంత్రం.

నగల కొట్టువాళ్ళు ఇచ్చిన డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. నాకు రాసే అలవాటు లేదు. చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి ఉంటే కాగితంతో పనేముంది అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మనిషి మొహం నేలకు పెట్టి పడుకున్నారు. వీపుతో మాట్లాడ్డం నాకు చేత కావడం లేదు.

మొన్న శుక్రవారం ఈయనకు కుడి కంటి ఆపరేషన్ అయింది. లోపల రెటీనా ఊడి వచ్చిందట. దాన్ని మళ్ళీ అంటించి, అంటుకునేదాకా అదిమి ఉంచడానికి కంట్లోకి గ్యాస్ ఎక్కించారు. గ్యాస్ పైకే పోతుంది కాబట్టి కంటి వెనక భాగం పైకి ఉండాలి. అంటే మొహం కిందికి. రెండు వారాలు. తిండికీ బాత్రూముకూ తప్ప తల ఎత్తకూడదు. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మందం. దాంతో పేపర్లో హెడ్డింగులు కూడా కూడబలుక్కుని చదువుతారు. పనికొచ్చే కన్ను ఈ ఒక్కటే.

ఇరవై రెండేళ్ళు మిద్దెమీద నిలబడి ఆకాశం చూసిన మనిషి ఇప్పుడు మొజాయిక్ నేల చూస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చాను. తరువాత పాత దూదీ, మిగిలిపోయిన లైనింగ్ గుడ్డా తీసి, మధ్యలో చిల్లు ఉండేలా గుండ్రటి దిండు కుట్టాను. నుదురు ఆనించుకుంటే మొహం చిల్లులో ఉంటుంది. బాగుందే అన్నారు. ఆపరేషన్ అయ్యాక అదే మొదటి మంచి మాట.

మార్చి 17, సోమవారం. పగలు.

ఈయన మనలిలో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచేసే పని చేసి రిటైరయ్యారు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఇది మా సంగతి. ఇక ఈయన పిచ్చి సంగతి.

ప్రపంచమంతా ఇలాంటి పిచ్చివాళ్ళు ఉన్నారు. అందరికీ కలిపి ఒక నెట్‌వర్క్. కొందరికి పెద్ద పెద్ద టెలిస్కోపులు, కొందరికి ఈయనలాగా ఉత్త బైనాక్యులర్సు. అందరూ కలిసి ఒక చుక్కను ఎంచుకుని దానిమీద నుంచి కన్ను తీయకుండా చూస్తారు. ఒకరికి తెల్లవారితే ఇంకొకరికి చీకటి పడుతుంది కదా. జపాన్‌వాళ్ళు చూస్తూ ఉంటారు, వాళ్ళకు తెల్లవారేసరికి మనకు రెండు దాటుతుంది. దక్షిణాఫ్రికాలో ఆ చుక్క సరిగ్గా పైకి వచ్చేసరికి మనకు ఐదు కావస్తుంది. ఆ నడుమ మూడు గంటలు మా ఊరు తిరువొత్తియూరు వంతు. ఇండియాలో ఇంకొకాయన కూడా ఉండేవాడు, పోయిన ఏడాది మానేశాడు.

ఈసారి ఎంచుకున్న చుక్కకు ఒక రోగం ఉంది. ఏళ్ళ తరబడి బుద్ధిగా వెలుగుతుందట. ఉన్నట్టుండి ఒకరోజు దాని చుట్టూ మసి కమ్ముకుని ఆరిపోయేంత మసకబడుతుందట. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. ఆ మొదలయ్యే గంట కావాలి వాళ్ళకు. ఏప్రిల్ నెలాఖరు దాకా రాత్రికి రెండుసార్లు చూసి పంపుతానని ఈయన మాట ఇచ్చారు. ఫిబ్రవరి నుంచి ఒక్క రాత్రి తప్పలేదు, ఈ శుక్రవారం దాకా.

కంటి సంగతి వాళ్ళకు రాయండి అన్నాను. వద్దన్నారు. రాస్తే తీసేస్తారని భయం. నెట్‌వర్క్‌లో ఈయనకు మూడు అక్షరాల గుర్తు ఉంది, వి సి ఎం. ఇంటి పేరు కంటే అది ఎక్కువ ఈయనకు.

పొద్దున దిండు కింద నేల తడిగా ఉంటే కంటి మందు కారిందనుకుని తుడిచాను. మందు వేసింది కుడి కంటికే. తడి రెండు చోట్ల ఉంది.

ఏమి అని అడిగితే, ఆ మూడు గంటలు ఊరికే పోతాయే తాయారూ, ఈడ ఎవురూ లేరు గదా, అన్నారు.

నేను చూస్తాను అన్నాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

మార్చి 17, సోమవారం. రాత్రి 3:20.

చూడలేదు. ఏది ఏ చుక్కో తెలిస్తే కదా. పడమట మనలి ఫ్యాక్టరీల మంట ఆకాశాన్ని నారింజ రంగు చేసింది, ఇంకోపక్క వెన్నెల. మెడ పట్టేసింది.

కింది వాటాలో కన్నియమ్మ కాసిమేడుకు చేపలు తేవడానికి మూడింటికి బయలుదేరుతుంది. వీధిలోంచి తలెత్తి నన్ను చూసింది. ఈ వేళప్పుడు ఆడ నిలబడి ఏం చేస్తా ఉండావు తాయారమ్మా, అయ్యతో సండేనా, కొట్లాడినావా, అంది. చుక్కలు చూస్తున్నానన్నాను. పావం, అని తల ఊపుకుంటూ పోయింది. నాకు మతి చలించిందని రేపటికి వీధి వీధంతా చెప్తుంది.

మార్చి 18, మంగళవారం.

మబ్బు. దేవుడికి దండం పెట్టుకుని పడుకున్నాను.

మార్చి 19, బుధవారం. రాత్రి 11:15.

దొరికింది.

మిద్దెమీద నేను, కింద ఇంట్లో ఈయన, మధ్యలో ఫోను. ఈశాన్యం మూల సముద్రం పైన చూడు, విరిగిన గాజుముక్కలాగా వంకరగా ఏడు చుక్కలు ఉంటాయి, అన్నారు. ఉన్నాయి. బైనాక్యులర్సు పెట్టి ఆ వంపు లోపల చూడు, అన్నారు. చూశాను. ఈయన కళ్ళు మూసుకుని నేలకు మొహం పెట్టి, ఎడమకు జరుగు, కొంచెం పైకి, ఇప్పుడు మూడు చుక్కలు ముక్కోణంగా ఉండాయా, అని అడుగుతున్నారు. ఉన్నాయి. ఆకాశమంతా ఆ తలలో ఉంది. అది నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

తరువాత పని చాలా సులువు. మన చుక్క చుట్టూ మారని చుక్కలు కొన్ని ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక అంకె, అవన్నీ ఈయన చార్టులో వేసి ఉన్నాయి. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు, అది ఒకటి తిరకాసు. మన చుక్కకంటే కొంచెం ఎక్కువ వెలిగేది ఒకటి, కొంచెం తక్కువ వెలిగేది ఒకటి పట్టుకుని, మనది ఆ రెంటి మధ్య ఎక్కడ పడుతుందో చెప్పాలి. అంతే. రాణీ పింకుకూ మెజెంటాకూ నడుమ రంగుకి దారం వెతకడం ముప్పై ఐదేళ్ళుగా చేస్తున్నాను. బ్లౌజు గుడ్డ పక్కన పది రీళ్ళు పెడితే ఏది కలుస్తుందో కన్నే చెప్తుంది.

5.9 అన్నాను. ఇంకోసారి చెప్పు, అన్నారు. జపాన్‌వాళ్ళు సాయంత్రం పంపిందీ అదేనట.

ఈ పని చేతికి రావడానికి తనకు రెండు నెలలు పట్టిందన్నారు. మెచ్చుకోలో కుళ్ళో చెప్పలేను. రెండూ అయ్యుండొచ్చు.

మార్చి 20, గురువారం.

పద్ధతి కుదిరింది. రాత్రి పదీ నలభై ఐదుకు ఒకసారి, రెండూ నలభై ఐదుకు ఒకసారి. ఈయన నోటుబుక్కులోనే తేదీ, టైము, అంకె రాస్తాను. పొద్దున ఆ పేజీ ఫోటో తీసి ఆరతికి పంపుతాను. మా అమ్మాయి చింతాద్రిపేటలో, నా పుట్టింటి వీధిలోనే, ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి అద్దెకు ఉంటుంది. ఆఫీసుకు రైల్లో పోతూ నెట్‌వర్క్ సైటులో మా తేదీ, మా టైము కొట్టేస్తుంది. సైటే దాన్ని వాళ్ళ టైములోకి మార్చుకుంటుందట. అంతా వి సి ఎం పేరు మీదే. ఇది తప్పు గదా నాన్నా, అందట ఆరతి. రెండు వారాలే గదమ్మా, అన్నారట ఈయన.

మార్చి 22, శనివారం. రాత్రి 3:30.

ఒక సంగతి రాయాలి. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

పెళ్ళయిన కొత్తలో ఈ మనిషికి ఇంకే వ్యసనమూ లేదని సంతోషించాను. తరువాత ఇది పట్టుకుంది. రెండింటికి అలారం, మెట్లమీద చెప్పుల చప్పుడు, నా పక్కన వెచ్చగా ఉన్న ఖాళీ చోటు. పైన ఏముందో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టు అనుకున్నాను. ఒక ఏడాది కోపంతో అలారం గడియారం బియ్యం డబ్బాలో దాచాను. అలారం లేకుండానే లేచి వెళ్ళారు.

ఇప్పుడు ఆ చోట నేను నిలబడితే తెలుస్తోంది. పైన పెద్దగా ఏమీ లేదు. ఒక చిన్న చుక్క ఉంది, నిన్న ఎట్లా ఉందో ఇవాళా అట్లాగే ఉంది. దాన్ని చూసి, ఉంది అని రాసి, దిగి రావడం. ఆ ఉంది అన్న మాట కోసం ఇంత దూరం ఎక్కుతారని తెలిసి ఉంటే, అప్పుడప్పుడూ వెంట వెళ్ళేదాన్ని.

మార్చి 24, సోమవారం. రాత్రి 3:10.

తగ్గింది.

పదీ నలభై ఐదుకు 5.9. రెండూ నలభై ఐదుకు చూస్తే 6.2 చుక్కకూ దీనికీ తేడా లేదు. కళ్ళు నలుపుకుని చూశాను. ఫోన్ చేశాను. ఈయన మూడుసార్లు అడిగారు. కళ్ళు మూసుకుని పది నిమిషాలు కూర్చో, లేచి మళ్ళా చూడు, ముందు చూసింది మర్చిపో, అన్నారు. మిద్దె నేలమీదే కూర్చున్నాను. మళ్ళీ చూశాను. 6.2.

కిందికి వచ్చేసరికి ఈయన వీపు వణుకుతోంది. చేయి వేశాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మొదలు నాకు పడలేదే, నీకు పడింది, అన్నారు. ఆ మొహం ఎట్లా ఉందో ఒక్కసారి చూడగలిగితే బాగుండు అనిపించింది.

మార్చి 25, మంగళవారం. రాత్రి 3.

6.5. పడిపోతూనే ఉంది. ఇద్దరికీ నిద్ర లేదు, ఇద్దరికీ హుషారు. రెండున్నరకే లేచి కాఫీ పెట్టాను. ఈయన స్ట్రాతో తాగారు.

మార్చి 26, బుధవారం. సాయంత్రం.

నెట్‌వర్క్ నుంచి ఉత్తరం వచ్చింది. అందరి లెక్కలూ చూసేది న్యూజిలాండ్‌లో హెలెన్ అనే ఆవిడ. ఆరతి ఫోన్లో చదివి చెప్పింది.

వి సి ఎం పంపిన లెక్క ప్రకారం చుక్క పడిపోయిన గంటకు జపాన్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ అది పూర్తిగా వెలుగుతోందట. అంతేకాదు, వి సి ఎం లెక్కలో చుక్క పడుతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. ఆ చుక్క అట్లా గంతులు వేయదు. మొదలు పట్టుకున్న పేరు దక్షిణాఫ్రికావాళ్ళకు వెళ్ళింది. సంగతి తేలేదాకా 19 నుంచి వి సి ఎం పంపినవన్నీ పక్కన పెట్టారు. చివర ఒక ముక్క, మీ చూపు బాగానే ఉందా అని. మర్యాదగానే అడిగింది. ఆ మర్యాదకే ఈయన సిగ్గుతో చచ్చిపోయారు.

చూశాను, రెండుసార్లు చూశాను అన్నాను. ఈయన నేలతో మాట్లాడుతున్నట్టు చెప్పారు. చాలు, ఇంక ఎక్కొద్దు, ఇది బ్లౌజు మ్యాచింగు కాదు, ఇరవై రెండేళ్ళ పేరు, అన్నారు.

లేచి వచ్చేశాను. మిషను దగ్గర కూర్చుని చేతులు కుట్టాల్సిన బ్లౌజుకు చేతులు తిరగేసి కుట్టాను. మళ్ళీ విప్పాను.

మార్చి 26, బుధవారం. రాత్రి.

ఎక్కలేదు. రెండూ నలభై ఐదుకు మెలకువ వచ్చింది. ఈయనకూ వచ్చింది. ఇద్దరం నిద్రపోతున్నట్టు పడుకున్నాం.

మార్చి 27, గురువారం. రాత్రి 3:15.

ఎక్కాను. చెప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని. ఎవరికి పంపినా పంపకపోయినా నా కన్ను చూసింది నిజమో కాదో నాకు తెలియాలి. 7.1. ఇంతగా పడిపోయిన చుక్కను పట్టుకుని లేదనడం ఎట్లా. నేను పిచ్చిదాన్ని కాను. నోటుబుక్కులో రాశాను.

దిగి వస్తే చీకట్లోంచి ఈయన, ఎంత, అని అడిగారు. మా వాటా పైనే మిద్దె కదా, అడుగులు విన్నారట. చెప్పాను. 7.1 అంటే నిజంగానే పడతా ఉంది, మరి తప్పు యాడ ఉంది, అన్నారు. నిన్నటి మాటకు అదే క్షమాపణ అనుకోవాలి. అనుకున్నాను.

మార్చి 28, శుక్రవారం. మధ్యాహ్నం.

తప్పు దొరికింది. తప్పు నాదే. నిదానంగా రాస్తాను.

ఇవాళ ఆరతి పుట్టినరోజు. పొద్దున ఫోన్ చేసి దీవించాను. అది నవ్వి, ప్రతి ఏడూ ఇదే గొడవ, రేపుదానేమ్మా, సర్టిఫికెట్లో 29 ఉంది గదా, అంది. నువ్వు పుట్టింది 28 రాత్రి మూడింటికి, నన్నడుగు, నొప్పులు పడింది నేను, అన్నాను. రాత్రి మూడంటే 29 అయిపోయింది గదమ్మా, పన్నెండుకే మారిపోతుంది, అంది. మా పుట్టింట్లో పొద్దు పొడిస్తేనే రోజు మారేది. తిథి అయినా వారమైనా అంతే. సోమవారం ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు రాత్రి రెండింటికి లేచి, మంగళవారం వచ్చేసిందని తింటారా. వాకిలి ఊడ్చి ముగ్గేస్తే అది కొత్త రోజు. యాభై ఏడేళ్ళుగా నాకు అంతే.

ఆరతి ఉన్నట్టుండి పుట్టినరోజు మాట వదిలేసింది. అమ్మా, నోటుబుక్కులో రెండూ నలభై ఐదు పక్కన ఏ తేదీ రాస్తా ఉండావు, అంది.

సోమవారం రాత్రి రెండూ నలభై ఐదు అంటే సోమవారం తేదీ రాశాను, 24. గడియారం లెక్కలో అది 25. రాత్రి రెండోసారి చూసినదల్లా ఒకరోజు వెనక్కి పడింది. చుక్క మారనన్నాళ్ళూ ఒకరోజు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియలేదు. అది పడడం మొదలయ్యాక నా లెక్క అందరికంటే ఒకరోజు ముందు పరిగెత్తింది. నేను పేజీ చదివి వినిపించేటప్పుడు కూడా సోమవారం రాత్రి, మంగళవారం రాత్రి అనే చదివాను, ఈయనకు అనుమానం రాలేదు. నోటుబుక్కు ఒక్కసారి కళ్ళతో చూసి ఉంటే పట్టేసేవారు.

ఆరతి ఏడ్చేసింది, నేను కూడా చూడకుండా కొట్టేశాను అని. పుట్టినరోజు నాడు ఏడవకూడదు అన్నాను. ఏ రోజునమ్మా, అంది. ఇద్దరం నవ్వాం.

మార్చి 28, శుక్రవారం. రాత్రి.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాం. తల ఎత్తవచ్చన్నారు. రెండు వారాల తరువాత ఈయన మొహం చూశాను. నుదుటిమీద నా దిండు కుట్టు అచ్చు పడి ఉంది. గడ్డం పెరిగింది. నేను చూస్తూ ఉండిపోతే, ఏమి అట్ల చూస్తా ఉండావు, అన్నారు. ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోవడమేమిటి. నాకు ఈ మొహం కావాలి, అంతే.

ఇంటికి వచ్చాక తేదీ సంగతి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కాసేపు వేళ్ళు లెక్కపెట్టి నవ్వడం మొదలుపెట్టారు. కంటికి ఏమన్నా అవుతుందని భయపడి ఆపమన్నాను. నెట్‌వర్క్‌వాళ్ళ రోజు మారేది మన గడియారం ప్రకారం పొద్దున ఐదున్నరకట. నేను వాకిలి కడిగే వేళ. నువ్వు రాసిన తేదీ వాళ్ళ తేదీయేనే, దాన్ని మన తేదీ అనుకుని ఆ సైటు ఇంకోసారి వెనక్కి తిప్పింది, అన్నారు. ఇన్నేళ్ళూ ఈ తిథుల విషయంలో నన్ను వెక్కిరించిన మనిషి.

తరువాత నవ్వు ఆపి, హెలెన్‌కు ఉత్తరం రాయాలి, నువ్వు పెన్ను తీసుకో, అన్నారు. అన్నీ చెప్పారు. కంటి ఆపరేషన్, దాచినందుకు తప్పైందని, చూసింది తన భార్య అని, తేదీ ఎట్లా తప్పిందో. ఆరతి ఇంగ్లీషు చేసి పంపింది. ఇక వి సి ఎం పేరు ఉంటుందో పోతుందో. ఈయన అన్నం సరిగా తినలేదు.

మార్చి 30, ఆదివారం. ఉగాది.

హెలెన్ జవాబు వచ్చింది. ఒకరోజు కలిపితే నా లెక్కలన్నీ అందరివాటి మధ్యా సరిగ్గా కూర్చున్నాయట. దక్షిణాఫ్రికాకంటే రెండు గంటల ముందు చూశానట. మొదలు మా వంతులోనే పడింది. వి సి ఎం పేరు ఎక్కడికీ పోదు. కాకపోతే ఒకరి చూపును ఇంకొకరి పేరుమీద రాయకూడదు, అది గట్టిగానే చెప్పింది. ఎవరి కన్ను వాళ్ళదే. నాకు వేరే గుర్తు ఇచ్చింది, టి వై ఆర్. ఆ పద్నాలుగు లెక్కలూ దాని కిందికి మార్చింది.

ఉగాది పచ్చడి చేదు ఎక్కువైంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం. రాత్రి 3. గడియారం ప్రకారం 2, బుధవారం. ఇక నుంచి రెండూ రాస్తాను, నా మాటా ఉంటుంది వాళ్ళ మాటా ఉంటుంది.

ఈయన కూడా ఎక్కారు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ. కంట్లో గ్యాస్ ఇంకా సగం ఉంది. బకెట్లో నీళ్ళలోంచి చూసినట్టు అలలుగా ఉందట అంతా. పైకి చూడలేదు. కుర్చీలో కూర్చుని ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకున్నారు, టైము చెప్పారు. నేను 8.0 అన్నాను. చలి లేకపోయినా నా భుజంమీద తువ్వాలు కప్పారు.

కన్నియమ్మ కిందినుంచి చూసి, ఇప్పుడు ఇద్దరూనా, అంది.

ఏప్రిల్ 6, ఆదివారం. రాత్రి.

చుక్క లేదు. గాజుముక్క ఉంది, ముక్కోణం ఉంది, దాని చోట నల్లగా ఉంది. చేతిలోది పోగొట్టుకున్నట్టు కంగారు పడ్డాను. ఈయన నెమ్మదిగా చెప్పారు. కనిపించకపోతే కనిపించలేదనే రాయాలట. దాని చుట్టుపక్కల నీకు కనిపించే అన్నిటికంటే మసక చుక్క ఏది, అన్నారు. 8.8 అన్నాను. అయితే, 8.8 కంటే మసక, అని రాయి, అదీ చూసినట్టే లెక్క, అన్నారు. ఇరవై రెండేళ్ళలో మబ్బు పొర ఉన్నప్పుడు కూడా తాను అట్లా రాయలేదట. మబ్బు పోయేదాకా కాచుకుని అంకె రాసేవారట. అంత మొండి.

ఏప్రిల్ 9, బుధవారం.

ఆస్పత్రి. రెటీనా బాగా అంటుకుందట. సంతోషం అనబోయాను. డాక్టరమ్మ ఇంకా చెప్తోంది. సరిగ్గా చూపు ఉండే నడిమధ్య భాగం కూడా ఊడి ఉండింది కాబట్టి, మునుపటిలాగా ఉంటుందని అనుకోవద్దు. మూడు నెలలు ఆగి అద్దాలు చూద్దాం. ఎంత వస్తుందో చెప్పలేం.

ఆరో అంకె చుక్క కనిపిస్తుందా డాక్టర్, అని ఇంగ్లీషులో అడిగారు ఈయన. ఆమెకు అర్థం కాలేదు. బస్సు నంబరు చదవగలిగితే చాలు సార్ ఇప్పటికి, అంది. ఆమె తప్పేమీ లేదు, అయినా నాకు ఆమెమీద కోపం వచ్చింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. తిరువొత్తియూరు వచ్చేదాకా బయటికి చూడలేదు.

ఏప్రిల్ 14, సోమవారం.

గ్యాస్ అంతా పోయింది. పేపర్లో పెద్ద అక్షరాలు చదివారు. చిన్నవి మధ్యలో కరిగిపోతున్నాయట.

మిద్దెకు వస్తున్నారు, టైము చెప్తున్నారు. బైనాక్యులర్సు ఇస్తే నువ్వే చూడు అంటున్నారు. పున్నమి వెన్నెల ఉంది, ఇప్పుడు దేనికి, అని ఒక సాకు. పగలు నేను లేనప్పుడు వాటి అద్దాలు తుడిచి పెట్టారు, నాకు తెలుసు, గుడ్డ మడత మారింది.

ఏప్రిల్ 18, శుక్రవారం.

నా భయం రాసేస్తాను. చూడనంటారని నాకు భయం లేదు. చూసి, కనిపిస్తోంది అంటారని భయం. ఆ చార్టులో అంకెలన్నీ కంఠస్థం. నేను ఏ రాత్రి ఏది చెప్పానో అన్నీ గుర్తే. కళ్ళు మూసుకుని అయినా సరైన అంకె చెప్పగలరు. ఈ పనిలో జన్మలో ఒక్క అబద్ధం రాయలేదు. కానీ నన్ను బాధపెట్టకూడదని చెప్తే? అప్పుడు నాకు తెలుస్తుంది. తెలిసీ రాయాలా, మానాలా?

ఒక మాట చెప్పాను. మీకు ఎంత కనిపిస్తే నాకు అంతే చాలు, అన్నాను. ముప్పై ఏళ్ళ సంసారంలో ఇంత తిన్నగా ఏదీ అడగలేదు. ఈయన పప్పు కలుపుకుంటూ ఉన్నారు. సెరి, అన్నారు.

ఏప్రిల్ 22, మంగళవారం. రాత్రి 9:40. వెన్నెల లేదు.

ఈయన ముందు చూశారు. చాలాసేపు. తరువాత నేను.

వి సి ఎం: 6.2 కంటే మసక. కనిపించలేదు.

టి వై ఆర్: 8.8 కంటే మసక. కనిపించలేదు.

రెండూ పంపాను.